పన్నెండడుగుల చేపలతొట్టి

ముందుగా చదివేవాళ్ళకి ఒక మాట. నాకు అక్షరాలు యాభై ఆరో ఏట వచ్చాయి. మనవరాలు వదిలేసిన పలక మీద దిద్దుకున్నా. ఒత్తు ఎక్కడ పడాలో ఇప్పటికీ గాలిలో వేలితో రాసి చూసుకుంటేగాని తెలియదు. తప్పులుంటే మీరే సరిచేసుకుని చదవండి, తిట్టుకోకండి. పత్తి తీతలప్పుడు మొదలుపెట్టిన కథ, ఆవకాయ జాడీకి గుడ్డ కట్టేనాటికి అయింది. అంత నిదానం నాది. కథలో మనుషులు మాత్రం నాకంటే చురుకైనవాళ్ళే.

సోమవారం పొద్దున్నే జగ్గయ్యపేటలో బయలుదేరిన ట్రాలీ ఆటో నందిగామ చేరేసరికి బేబి నడుము పట్టేసింది. ఒళ్ళో గాజు అతికించే సిలికాన్ ట్యూబుల అట్టపెట్టె ఉంది. దారి పొడుగునా దాన్ని పసిబిడ్డని పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకునే కూచుంది. పక్కన కొడుకు బెన్ని ఒకటే లెక్కలు.

"పన్నెండు పొడుగు, మూడు వెడల్పు, మూడు ఎత్తు. మూడు వేల లీటర్లమ్మా. గాజు, స్టాండు, రాళ్ళు అన్నీ కలిపితే నాలుగు టన్నులు."

"ఇది ఇరవయ్యోసారి చెప్పటం."

"భయంగా ఉంది. అందుకని చెప్తున్నా."

బెన్నిది జగ్గయ్యపేట బస్టాండు దగ్గర చిన్న చేపల కొట్టు. పెళ్ళాం పేరు పెట్టి మెర్లిన్ అక్వేరియమ్స్ అని బోర్డు రాయించాడు. ఇప్పటిదాకా వాడు కట్టిన వాటిలో పెద్దది నాలుగడుగుల తొట్టి, ఒక పళ్ళ డాక్టరుగారి దగ్గర పేషెంట్లు కూచునే గదిలో ఉంది. ఇప్పుడు ఏకంగా పన్నెండడుగులది. ఇది నిలబడితే విజయవాడ దాకా పేరు. పగిలిందా, మూడు వేల లీటర్ల నీళ్ళతోపాటు వాడి పేరు కూడా హాల్లోంచి వీధిలోకి కొట్టుకుపోతుంది. ఆ తర్వాత ఒక గాజుసీసాలో రెండు గప్పీ చేపపిల్లలు పెట్టివ్వమని కూడా ఎవరూ అడగరు.

బేబి పని వేలితో. రెండు గాజు పలకలు కలిసేచోట బెన్ని సిలికాన్ గన్ను నొక్కుకుంటూ పోతే, వెనకాలే ఆమె సబ్బునీళ్ళలో ముంచిన చూపుడువేలితో ఆ సిలికాన్‌ని ఒక్క లాగున లాగుతుంది. మధ్యలో ఆగకూడదు. ఆగినచోట గీత పడుతుంది, గీత పడినచోట ఎప్పటికైనా నీరు దారి వెతుక్కుంటుంది. ముప్పై ఏళ్ళు తట్టలు మోసి, ఇటుకలందించి, మోకాళ్ళు అరిగాక కొడుకు కొట్లో కూచున్న మనిషికి ఆ వేలు తెచ్చిపెట్టిన కొత్త ఉద్యోగం అది. బెన్ని కూడా ప్రయత్నించాడుగాని వాడి వేలు వణుకుతుంది.

ఇల్లు పాతదే, రంగు కొత్తది. యజమాని భవానీప్రసాద్‌కి ముప్పై రెండేళ్ళుంటాయి. తండ్రి పోయాక పత్తి జిన్నింగ్ మిల్లు తనే చూసుకుంటున్నాడు. గేటు దగ్గరికే ఎదురొచ్చి, చెప్పులు కూడా విప్పనివ్వకుండా హాల్లోకి లాక్కెళ్ళాడు.

"హైదరాబాదులో మా ఫ్రెండింట్లో పదడుగులది చూశా. రోజూ ఫొటో పెడతాడు. నాది పన్నెండుండాలి. అందులో అరోవానా చేప, ఒక్కటే. రాజాలాగా తిరగాలి."

"అందుకే మూడడుగుల వెడల్పు అడిగా సార్," అన్నాడు బెన్ని. "పెద్దయ్యాక వెనక్కి తిరిగే చోటు లేకపోతే దాని వెన్ను వంకరపోతుంది. పైన మూత కూడా బరువుగా పెడతా. ఎగురుతుంది."

"ఎగిరితే?"

"సోఫాలో కూచుంటుంది సార్."

భవానీప్రసాద్ పెద్దగా నవ్వాడు. మనిషి మంచివాడే అనుకుంది బేబి.

సోఫాలో ఇంకొకాయన కూచుని ఉన్నాడు. వాస్తు సిద్ధాంతి వీరరాఘవయ్య గారు. సెల్‌ఫోనులో దిక్సూచి పెట్టుకుని, హాలంతా మూడుసార్లు తిరిగి, తూర్పుగోడ ఉత్తరపు గోడ కలిసే మూలకి వచ్చి ఆగాడు.

"ఈశాన్యం. జలానికి ఇదే స్థానం. ఒక్క జానెడు ఇటు జరిపినా నా పూచీ లేదు."

సుద్దముక్కతో నేలమీద పన్నెండడుగుల గీత గీశాడు. బెన్ని సంచిలోంచి నీళ్ళపైపు తీశాడు. మేస్త్రీలు మట్టం చూసుకునే పారదర్శకపు గొట్టం. ఒక కొస తను పట్టుకుని రెండో కొస తల్లికిచ్చాడు. గొట్టంలో నీళ్ళు ఊగి ఊగి నిలిచాయి.

"ఎంతమ్మా?"

"ఈ మూల వేలు మందం కిందికి ఉందిరా."

"అంత తేడానా? మళ్ళీ చూడు."

మళ్ళీ చూసింది. అదే. వేలు మందం. ఆ మూల నేల, చూడటానికి తెల్లటి పాలరాయే, తన దారిన తాను కిందికి దిగింది.

బేబి తల పైకెత్తి అప్పుడు చూసింది ఇంటిని. వెనక తలుపు బార్లా తీసి ఉంది. దానవతల వసారా, వసారాకి గుండ్రటి స్తంభం, స్తంభం మెడకి మూడు కట్లు. ఆ మూడు కట్లలో మధ్యది కొంచెం లావు. దాన్ని చూసేసరికి ఆమె నెత్తిమీద చుట్టకుదురు పెట్టినట్టనిపించింది.

నీళ్ళపైపు కిందపెట్టి వసారాలోకి వెళ్ళింది. స్తంభానికి వీపు ఆనించి నిలబడి, నెత్తిన తట్ట ఉన్నట్టే మెడ నిలబెట్టి, తలుపులోంచి హాల్లోకి నడిచింది. ఒకటి, రెండు, మూడు. అప్పట్లో ఈ గోడ లేదు. ఏడు, ఎనిమిది. పదకొండో అడుగు సుద్దగీత లోపల పడింది. పదకొండో అడుగుకి వంగి తట్ట బోర్లించాలి. బోర్లిస్తే ముందు చప్పుడుండదు, కాసేపాగి కింద ఎక్కడో ధబ్బుమంటుంది.

"ఏంటమ్మా, కవాతు చేస్తున్నావు?" అన్నాడు బెన్ని.

*

మధ్యాహ్నం గేటు పక్కన కానుగ చెట్టు కింద కేరేజీ విప్పుకున్నారు. బేబి ముద్ద నోట్లో పెట్టుకోకుండా చెప్పింది.

"ఆ మూల కింద బావి ఉంది."

బెన్ని నమలటం ఆపాడు.

"నేనే పూడ్చా. నేనూ ఇంకో ఏడుగురం. వీరులపాడు నుంచి నడిచొచ్చేవాళ్ళం. అప్పటికి నీకు ఇంకా నాలుగేళ్ళుంది పుట్టటానికి. హాలు పెంచటానికి పూడ్పించారు. నల్లరేగడి మట్టి, ఇటుకముక్కలు, ఏది దొరికితే అది వేశాం. సరిగ్గా దిమ్మెస కూడా కొట్టలేదు, వానలొస్తాయని తొందర. పైన ఇంత మందం కాంక్రీటు పోసి వెళ్ళిపోయాం."

"ముప్పై ఏళ్ళయిందిగా. గట్టిపడి ఉంటుంది."

"వేలు మందం దిగింది చూశావుగా. ఉత్తి నేల, నాలుగు కుర్చీలుంటేనే దిగింది. నువ్వు నాలుగు టన్నులు పెడతావు."

బెన్ని కేరేజీ మూత పెట్టేశాడు. "అమ్మా, వాళ్ళు నమ్మరు. ఆర్డరు పోతుంది. ఈ పని కావాలని మూణ్ణెల్లు తిరిగా నేను."

"నమ్మకపోతే మానె. చెప్పటం మన వంతు."

చేతులు కడుక్కుని తనే వెళ్ళి చెప్పింది. భవానీప్రసాద్ కోపం తెచ్చుకోలేదు, నవ్వాడు. బీరువాలోంచి ఇంటి ప్లాను తెచ్చి బల్లమీద పరిచాడు. "ఇదిగో, హాలు. ఇదిగో, ఆ మూల. బావి ఉందా ఇందులో? చూడు."

నీలిగీతల కాగితం. బేబికి చదవటం రాదు. అయినా చూసింది.

"ఈ కాగితం బావి పూడ్చాక గీసిందేమో బాబూ."

"మా ఇంటి సంగతి నాకంటే నీకెక్కువ తెలుసా? అమ్మా! ఓసారి ఇటు రా."

లోపల్నుంచి ఆయన తల్లి దుర్గాంబ వచ్చింది. అరవై దాటిన మనిషి, జరీ అంచు నేతచీర, చేతిలో కాఫీగ్లాసు.

"మనింట్లో ఎప్పుడైనా బావి ఉందా?"

దుర్గాంబ కాఫీగ్లాసు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. బేబి వైపు చూడలేదు.

"బావేంటి? మనకెప్పుడూ పంపే."

"విన్నావుగా," అన్నాడు భవానీప్రసాద్. "ఏదో ఇల్లు చూసి ఏదో అనుకుని ఉంటావు. మీరు పనిచేసిన ఇళ్ళు ఒకటా రెండా? అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి."

సిద్ధాంతిగారు కూడా సోఫాలోంచే తలూపారు. "ఈశాన్యంలో బావి ఉంటే పూడ్చే తెలివితక్కువవాళ్ళు ఎవరుంటారమ్మా?"

బేబి సుద్దగీత వంక చూసింది. ముప్పై రెండేళ్ళ కింద ఈశాన్యమని అక్కడ బావి ఉంది. ఇప్పుడు ఈశాన్యమని అక్కడే తొట్టి పెడుతున్నారు. ఎన్ని తరాల సిద్ధాంతులొచ్చినా సుద్దముక్క పోయి ఆ ఒక్కచోటే ఆగుతుంది. కాకపోతే ఒకప్పుడు కింద నీళ్ళుండేవి, ఇప్పుడు కింద బేబి పోసిన మట్టి ఉంది. ఆ బావిలో ఆమె ఎన్ని వందల తట్టలు పోసిందో లెక్కలేదు. దానిలోంచి ఒక్క చేద మాత్రం తోడుకోలేదు. వాళ్ళని తోడనిచ్చేవాళ్ళు కాదు.

తిరుగు ప్రయాణంలో బెన్ని, "పోనీలేమ్మా, కింద ఇనపప్లేటు వేస్తా, బరువు పంచుకుంటుంది," అన్నాడు. వాడి గొంతు వాడికే నమ్మబుద్ధి కాలేదు.

*

మంగళవారం ఇనపస్టాండు వచ్చింది. విజయవాడ నుంచి గాజు పలకలు వచ్చాయి. వేలు మందం, ఒక్కొక్కటి ముగ్గురు మనుషుల బరువు. భవానీప్రసాద్ మిల్లు నుంచి ఎనిమిదిమంది హమాలీలని పంపాడు. రోజూ పత్తి బేళ్ళు దొర్లించే చేతులు కాబట్టి గాజుని పట్టుకోమంటే వాళ్ళకి నవ్వొచ్చింది, భయమూ వేసింది.

"ఒరేయ్, ఇది బేలు కాదు, పెళ్ళికూతురు," అని అరిచాడు వాళ్ళ మేస్త్రి. "గోడకి తగిలితే మీ ఎనిమిది మంది జీతం గాజుముక్కలే."

"పెళ్ళికూతురికి ఇంత బరువేంటి మేస్త్రీ, పుట్టింటివాళ్ళు బాగా మేపినట్టున్నారు," అన్నాడు వెనక చెయ్యివేసినవాడు. నవ్వాపుకోలేక అందరూ గుమ్మంలోనే ఆగిపోయారు. బెన్నికి చెమటలు పట్టాయి.

సాయంత్రానికి స్టాండు సుద్దగీతలో కూచుంది. పల్లంగా ఉన్న మూల కాలికింద రేకుముక్కలు పెట్టి బెన్ని మట్టం సరిచేశాడు. నీళ్ళపైపులో రెండు కొసలా నీళ్ళు ఒక్క ఎత్తున నిలిచాయి. గాజు పలకల్ని స్టాండు పక్కనే గోడకి, దుప్పట్లు అడ్డంపెట్టి ఆనించారు. బేబి అంచుల్ని స్పిరిట్‌తో తుడిచి, అతుకు పడేచోట పొడుగునా మాస్కింగ్ టేపు అంటించి, చేతులు కడుక్కుంది.

బుధవారం పొద్దున వచ్చీ రాగానే నీళ్ళపైపు పట్టారు.

బెన్ని కొసలో నీళ్ళు నిన్న పెట్టుకున్న గుర్తు దగ్గరే ఉన్నాయి. బేబి కొసలో లేవు. రెండు నూళ్ళు, అంటే పావంగుళం, దిగింది స్టాండు, ఒక్క రాత్రిలో. ఇంకా ఒక్క చుక్క నీళ్ళు పొయ్యలేదు.

"నువ్వు రేకులు సరిగ్గా పెట్టుండవు," అన్నాడు భవానీప్రసాద్.

"సరిగ్గానే పెట్టా సార్."

"అయితే ఇంకో రెండు పెట్టు. ఆదివారం మా ఫ్రెండొస్తున్నాడు. అప్పటికి నిలబడి ఉండాలి తొట్టి."

బెన్ని తల్లి వైపు చూశాడు. బేబి అప్పటికే సబ్బునీళ్ళ గిన్నె కలిపి పెట్టుకుంది. ఆ గిన్నెని చేత్తో పక్కకి జరిపి, కొంగుతో వేలు తుడుచుకుంది.

"ఇక్కడ నేను వేలు పెట్టను నాన్నా."

"అమ్మా..."

"పెట్టను. నా వేలు లాగిన గీత ఇప్పటిదాకా ఒక్కటి కారలేదు. ఇది నా గీత వల్ల కారదు. నేల వల్ల పగులుతుంది. పగిలినప్పుడు నేలని ఎవరూ అడగరు, నిన్నే అడుగుతారు."

భవానీప్రసాద్ మొహం ఎర్రబడింది. "బెన్నీ, మీ అమ్మ లేకపోతే పని జరగదా?"

బెన్ని గన్ను పట్టుకుని గాజు వంక చూశాడు. పన్నెండడుగుల గాజు గోడకానుకుని మెరుస్తోంది. మూణ్ణెల్లు తిరిగిన పని.

"జరగదు సార్," అన్నాడు చివరికి, గన్ను కిందపెడుతూ.

*

మంచినీళ్ళ కోసం బేబి వెనక వసారాలోకి వెళ్ళింది. దుర్గాంబ పీటమీద కూచుని గోంగూర ఒలుస్తోంది. హాల్లో మాటలన్నీ ఆమెకి వినిపించాయని ఒలవటంలోనే తెలుస్తోంది. ఆకు పళ్ళెంలో పడాలి, కాడ నేలమీద పడాలి. ఆమె కాడలు పళ్ళెంలో వేస్తోంది.

బేబి స్తంభం పక్కన చతికిలబడింది. అడక్కుండానే ఒక కట్ట తన వైపు లాక్కుని తనూ ఒలవటం మొదలుపెట్టింది. దుర్గాంబ ఆ చేతుల వంక చూసింది.

"బావికి ఎర్రరంగు గిలక ఉండేది," అంది బేబి, మెల్లిగా. "ఒక పక్క పన్ను విరిగిపోయి, తిరిగినప్పుడల్లా కిచకిచలాడేది. దాన్ని కూడా బావిలోనే వేయించారు. మీరు మైలవరంలో పుట్టింటికాడ ఉన్నారప్పుడు, పురిటికి. తిరిగొచ్చేటప్పటికి మేం హాల్లో నేల పోస్తున్నాం. మీ ఒళ్ళో నెలబిడ్డ. మిట్టమధ్యాహ్నం. నేను దాహమంటే మీరు ఈ స్తంభం దగ్గర నిలబడి చెంబుతో పైనుంచి నా దోసిట్లో నీళ్ళు పోశారు."

దుర్గాంబ చేతులు ఆగిపోయాయి.

"పసుపురంగు ఓణీ," అంది. "పాటలు పాడుకుంటూ పనిచేసేదానివి. మేస్త్రి తిట్టేవాడు."

"నేనే."

"ఎంత మారిపోయావే!"

"మీరు మాత్రం మారలేదా అమ్మగారూ?"

దుర్గాంబకి నవ్వు రాబోయి ఆగింది. హాలు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "వాడికి చెప్పకు. నేనెవరికీ చెప్పలేదు. ఈశాన్యం బావి పూడ్చారు, పూడ్చిన పాపానికి మా ఆయన కాలు విరిగింది. నేను వచ్చేసరికి బావి లేదు, ఆయన మంచంమీద కట్టుతో ఉన్నారు. ఒళ్ళో మగబిడ్డ, పదేళ్ళకి పుట్టినవాడు. ఆయనకి కాలుతో పోయింది, పిల్లాడికి ఏమవుతుందోనని నేను ఆ పేరు కూడా ఎత్తనివ్వలేదు ఇంట్లో. ముప్పై రెండేళ్ళు. వాడికి జ్వరమొస్తే బావి. మిల్లులో నిప్పంటుకుంటే బావి. అన్నీ మనసులోనే."

బేబి ఒలుస్తున్న కాడని అలాగే పట్టుకుని ఆమె మొహంలోకి చూసింది.

"అయ్యగారి కాలు బావి పూడ్చినందుకు విరిగిందని మీకెవరు చెప్పారమ్మా?"

"ఆయనే."

బేబి నోటికి కొంగు అడ్డంపెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ముందు ఏడుస్తోందనుకుంది దుర్గాంబ.

"నవ్వుతున్నావా?"

"తప్పేనమ్మా, క్షమించండి. ఆయన కాలు విరిగిననాటికి బావిలో ఒక్క తట్ట మట్టి పడలేదు. నేనక్కడే ఉన్నా. గోడకి పరంజి కట్టారు. మేం ఆడపిల్లలం నలుగురం కింద నిలబడి దేనికో నవ్వుకుంటున్నాం. ఆయన పరంజి చెక్క మీద నిలబడి మేస్త్రికి ఏదో చెప్తున్నారు. మా నవ్వులు విని, ఏంటే ఆ ఇకఇకలు అని తిట్టటానికి ఇటు తిరిగారు. తిరిగినవారు తిరిగినట్టే చెక్కతో సహా ఇసకకుప్పలో పడ్డారు. ఇసకే కాబట్టి కాలుతో పోయింది. ఆ తర్వాత మంచం ఇక్కడ ఈ వసారాలో వేయించుకుని, పడుకునే మా చేత బావి పూడ్పించారు. ఎవరెన్ని తట్టలు పోశారో పడుకునే లెక్క వేసేవారు."

"ఆడపిల్లలు నవ్వితే చూడబోయి పడ్డారా?"

"తిట్టబోయి."

"నాకు తెలుసులే ఆయన తిట్లు," అంది దుర్గాంబ. "నాతో చెప్పుకోలేక బావిమీదికి నెట్టేశారు! ముప్పై రెండేళ్ళు నేను... ఆయన ఉన్నన్నాళ్ళూ కుంటుకుంటూ కళ్ళముందు తిరుగుతుంటే..." మాట పూర్తికాలేదు. నవ్వు మొదలైంది. మొదట ముక్కుతో, తర్వాత పొట్ట పట్టుకుని. గోంగూర పళ్ళెం ఒళ్ళోంచి జారి కాడలూ ఆకులూ ఒక్కటైపోయాయి. బేబి కూడా ఆపుకోలేకపోయింది. ఒకళ్ళు ఆపితే ఇంకొకళ్ళు మొదలుపెట్టటం. హాల్లోంచి భవానీప్రసాద్, బెన్ని ఇద్దరూ పరిగెత్తుకొచ్చారు.

"ఏమైందమ్మా?"

దుర్గాంబ కళ్ళు తుడుచుకుంది. లేచి నిలబడి చీర కుచ్చెళ్ళు సరిచేసుకుంది. చేతిలో ఇంకా ఒక గోంగూర కాడ ఉంది. ఆ కాడతోనే హాలు మూల చూపించింది.

"అక్కడ బావి ఉందిరా. మొన్న నేను అబద్ధం చెప్పా. ఈ మనిషి నిజం చెప్పింది. తొట్టి అక్కడ పెట్టటానికి వీల్లేదు."

భవానీప్రసాద్ తల్లి వంక చూశాడు, బేబి వంక చూశాడు. వెళ్ళి షెడ్డులోంచి గునపం తెచ్చాడు. బెన్ని, హమాలీలు కలిసి స్టాండు పక్కకి జరిపారు. ఆయన నేలమీద గునపం మొద్దుకొసతో కొట్టాడు. గది మధ్య కొడితే టక్కుమంది. మూలన కొడితే ఖాళీ డ్రమ్ము చప్పుడొచ్చింది. ఒక పాలరాయి ఊడదీసి, కింద కాంక్రీటు కొట్టి చూస్తే, దానికీ మట్టికీ మధ్య జానెడు సందు. చెయ్యి పెడితే లోపల చల్లగా ఉంది.

ఆయన నేలమీదే కూచుండిపోయాడు. "ఇంత తెలిసినదానివి, కాస్త గట్టిగా చెప్పకపోయావా?"

"చెప్పా బాబూ. మీరు కాగితం చూపించారు."

భవానీప్రసాద్‌ ఊడదీసిన రాయిని అటూ ఇటూ తిప్పి, "తప్పు నాదే," అన్నాడు, రాయికి చెప్తున్నట్టు. తర్వాత తలెత్తి మళ్ళీ అన్నాడు, ఈసారి ఆమెకి చెప్పాడు.

సిద్ధాంతిగారికి ఫోను చేశారు. స్పీకరులో ఆయన గొంతు ఏమాత్రం తడబడలేదు. "చూశారా! అక్కడ జలం లాగుతోందని నాకు ముందే తట్టింది. నేను చెప్పింది నిజమైంది కదా? పోనీ, ఉత్తరపు గోడ మధ్యలో పెట్టుకోండి. అది కుబేరస్థానం. ఇంకా శ్రేష్ఠం."

"జానెడు జరిపితే పూచీ లేదన్నారుగా?" అన్నాడు భవానీప్రసాద్.

"జానెడైతే లేదు. ఇది ఆరడుగులు కదా."

ఉత్తరపు గోడ మధ్యలో టీవీ ఉంది. పన్నెండడుగుల తొట్టి పట్టాలంటే టీవీ కదలాలి. అందరూ దుర్గాంబ వైపు చూశారు. సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా ఆ టీవీ ఆమెది.

"నా గదిలో పెట్టండి," అంది. "వాల్యూము నా ఇష్టం."

ఉత్తరపు గోడ కింద పాత పునాది. రెండుసార్లు, మూడుసార్లు నీళ్ళపైపు పట్టారు. రెండు కొసలా నీళ్ళు ఒక్క ఎత్తులో నిలిచాయి. స్టాండు అక్కడ నిలిపి, థర్మాకోల్ పరిచి, అడుగు గాజుపలక దించి, దాని అంచున నిలువు పలక నిలబెట్టారు. బెన్ని గన్ను అందుకున్నాడు. బేబి గిన్నె దగ్గరికి లాక్కుంది. పన్నెండడుగుల గీత. ఎడమ చివర మోకాళ్ళమీద మొదలుపెట్టి, వేలు ఎత్తకుండా, మొహం మీద పడిన వెంట్రుక తియ్యకుండా, కుడి చివరకి వెళ్ళి ఆగింది. హమాలీలు కూడా ఊపిరి బిగబట్టి చూశారు. ఆమె వేలు ఎత్తగానే మేస్త్రి ఈల వేశాడు.

"ఇది పెళ్ళికూతురికి కాటుక పెట్టినట్టుంది!"

"నీకు పెట్టమంటావా?" అంది బేబి. "వారం దాకా ఊడదు."

*

సిలికాన్ ఆరటానికి వారం పట్టింది. ఆదివారం వచ్చిన హైదరాబాదు ఫ్రెండు ఖాళీ తొట్టి ముందు నిలబడి ఫొటో దిగి, రెండడుగులు తక్కువైన మొహంతో వెళ్ళాడట. ఇల్లంతా పుల్లటి వాసన ఉందని, సాంబారు పాడైందేమోనని దుర్గాంబ రెండుసార్లు గిన్నె మూత తీసి చూసిందట.

మళ్ళీ బుధవారం బేబి, బెన్ని వచ్చేసరికి హాల్లో అందరూ తయారుగా ఉన్నారు. దుర్గాంబ పట్టుచీర కట్టుకుంది. తొట్టి పక్కన ముక్కాలి పీట, పీటమీద తోమితోమి మెరిపించిన ఇత్తడి బిందె, బిందె నిండా నీళ్ళు.

"రా," అంది బేబితో. చెయ్యి పట్టుకుని బిందె దగ్గరికి తీసుకొచ్చింది. "ఆరోజు నీ దోసిట్లో పైనుంచి పోశా. చెంబు తగలకుండా. వారం నుంచి అదే గుర్తొస్తోంది. మొదటి నీళ్ళు నువ్వే పొయ్యాలి. నా మాట కాదనకు."

బేబి బిందె వంక చూసింది, దుర్గాంబ వంక చూసింది. తర్వాత కొడుకు వంక చూసింది. బెన్ని ఏదో చెప్పబోయి, నోరు మూసుకుని, పైకప్పు చూశాడు. తల్లీకొడుకులిద్దరికీ ఒకే సంగతి తట్టింది.

"అమ్మగారూ," అంది బేబి, "మొదటి నీళ్ళు పారబోసేవమ్మా."

"ఏంటీ?"

"కారుతుందేమో చూడటానికి పోస్తాం. సిలికాన్ వాసన దిగుతుంది వాటిలోకి. మూడు రోజులుంచి మొత్తం కాలవలోకి వదిలేస్తాం. అవి చేప ముట్టుకుంటే చేప పోతుంది. రెండోసారి పోసేవే అసలు నీళ్ళు."

దుర్గాంబ పట్టుచీర కొంగు చేత్తో పట్టుకుని ఒక్క క్షణం ఆలోచించింది. వెనక ఎవరో హమాలీ కిసుక్కుమన్నాడు. ఆమె వాడివైపు చూడలేదు. కొంగు నడుముకి బిగించింది. వంగి, బిందె అంచు పట్టుకుని, "హుష్" అని తన చంకనెత్తుకుంది. భవానీప్రసాద్ పట్టుకోబోతే మోచేత్తో నెట్టేసింది.

"అయితే ఇవి నేను పోస్తా," అంది. "పారబోసేవి నావి. రెండోవి నీవి. శనివారం రా. బిందె నువ్వు తోమక్కర్లేదు, నేను తోమి ఉంచుతా."

ముక్కాలి పీట ఎక్కింది. బేబి పక్కన నిలబడి ఆమె పీట ఊగకుండా కాలు అడ్డంపెట్టి పట్టుకుంది. బిందె వంగింది. పన్నెండడుగుల గాజులో నీళ్ళు ఒక చివర పడి, అడుగంతా పాకి, రెండో చివర గోడని తాకి, వెనక్కొచ్చి ఆగాయి.

బెన్ని నేలమీద బోర్లా పడుకుని నాలుగు మూలలూ చూశాడు.

"ఎంతరా?" అంది బేబి.

"నాలుగు మూలలా ఒక్కటేనమ్మా."

బూరుగు కరుణమ్మ
అరవై ఎనిమిదేళ్ళు
చందర్లపాడులో చిన్నకూతురి ఇంట ఉంటున్నాను